డబ్బా మీది తేదీ

రొట్టెల కార్ఖానా మేడమీది గదికి లక్కముద్ర వేసి మూడు రోజులైంది. ఇరవై తొమ్మిదవ తేదీ పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇన్‌స్పెక్టరు ఆ ముద్రను తన చేతులతోనే ఊడదీసి, తలుపును గోడ దాకా బార్లా నెట్టి, పక్కకు తప్పుకున్నాడు. దారి ఇచ్చిన తీరులోనే విసుగు వ్యక్తమయింది.

“గంట టైమిస్తున్నాను గడియారం గారూ. పన్నెండుంబావుకి మళ్లీ తాళం వేస్తాను. నాలుగింటికి అంత్యక్రియలు. ఆ తర్వాత మీరు చూడ్డానికి ఏమీ ఉండదు, నాకు వినే ఓపికా ఉండదు.”

“పదకొండు ఇరవైకి గంట కలిపితే పన్నెండు ఇరవై అవుతుంది,” అన్నాడాయన. “అయిదు నిమిషాలు ఎవరి కోసం దాచుకున్నావు?”

గడియారం అనే బిరుదు పోలీసు శాఖ ఇచ్చినది. సాక్షి ఎవరైనా సరే, మొదటి ప్రశ్న “ఎన్ని గంటలకు?” అన్నదే కనుక ఆ పేరు స్థిరపడింది, ఉద్యోగం పోయినా పేరు పోలేదు. ఈ ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్నవాడే. నేర్చుకున్న విషయం మరచిపోవడానికి ఇప్పుడు చాలా శ్రమపడుతున్నాడు.

గది గుమ్మం ఎదుట కుర్చీలో, ఈ గదిలో చనిపోయిన కార్ఖానా యజమాని చెల్లెలు కూర్చుని ఉంది. భుజాల చుట్టూ కప్పుకున్న శాలువా ఆమె శ్వాసతోపాటు ఎగిరెగిరి పడుతోంది. ఈ పరిశోధన కోరినది ఆమే.

“అమ్మా, మీకు జ్వరం వచ్చి ఎన్ని రోజులైంది?” అని గడియారం అడిగాడు.

“ఇరవై ఏడు ఉదయం... అంటే మూడో రోజు.” రెండు మాటలకు ఒకసారి ఆగింది. “అన్నయ్యని చూడ్డానికి ఇరవై నాలుగున వచ్చాను. అప్పుడే అంటుకునుంటుంది.”

“అయితే మీరు ఉండవలసింది ఆస్పత్రిలో.”

“ముందు నాకు తెలియాలండీ. నాకూ ఆస్తమానే, నాకూ అదే ఫ్లూ. అన్నయ్య మూడో రోజు ఎలా ఉన్నాడో నేనివాళ అలా ఉన్నాను. జబ్బే తీసుకుపోయిందా, లేక...” దగ్గు తెర వచ్చి మాట తెగింది. తేరుకుని, తల వంచుకుని, “చివరి రోజు సాయంత్రం ఫోన్ చేసి, ‘ఆస్పత్రికి వెళ్లిపోనా తల్లీ?’ అని అడిగాడు. ‘తెల్లారేదాకా చూడు అన్నయ్యా’ అన్నాను. ఆ మాట నేనే అన్నాను,” అంది.

ఆమె భర్త చప్పున ముందుకు వంగి శాలువా సరిచేశాడు. ఇస్త్రీ నలగని మనిషి. భుజాన ఉన్న నల్లని తోలుసంచి మీద మందుల కంపెనీ ముద్ర. ఊళ్లోని డాక్టర్లందరి గదులూ తిరిగి మందుల గురించి చెప్పడం ఇతని వృత్తి.

“చూశారా, పొద్దుటి నుంచీ ఇదే పాట. నువ్వేం చేస్తావోయ్, నీ తప్పేముంది? బావగారికి ఊపిరితిత్తులే బాగోలేవు. ముప్ఫయ్యేళ్లు పిండి దుమ్ము పీల్చిన మనిషి.”

“ఆ సాయంత్రం ఫోన్ ఎన్ని గంటలకు వచ్చింది?”

“ఆరూ పదీ, ఆరుంబావు మధ్య. నేనూ పక్కనే ఉన్నాను. కంగారు పడొద్దని చెప్పాం.”

“ఈమె మందులు ఎవరు చూస్తారు?”

“నేనేనండీ. నా పనే అది కదా. టైముకి చేతికందిస్తాను. లేకపోతే మా ఆవిడకి గుర్తుండి చావదు.” కంఠంలో ముద్దు, మందలింపు సమపాళ్లలో కలిశాయి. “మీ ప్రశ్నలు అయ్యేలోగా కారు తెస్తాను, ఆస్పత్రికి తీసుకెళ్లిపోతాను. రెండు వీధుల అవతల పెట్టాల్సి వచ్చింది.” భార్య వైపు తిరిగి, “ఆయాసం వస్తే నీలం ఇన్‌హేలర్ కొట్టుకో. సంచిలోనే పెట్టాను,” అని మెట్లు దిగిపోయాడు.

పదకొండు ముప్ఫై రెండు.

గడియారం గదిలో ప్రవేశించాడు. ఇనుప మంచం, బల్ల, మూలన చేతులు కడుక్కునే తొట్టి. బల్ల మీద, చివర కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ గొట్టం. మంచం మీద మూడు దిండ్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టి ఉన్నాయి. ఆ మనిషి పడుకోలేక కూర్చుని గడిపిన సంగతిని అవే చెబుతున్నాయి. కాళ్ల దగ్గర పొయ్యి మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరవ తేదీ తెల్లవారుజామున అయిదు నలభైకి శవాన్ని మొదట చూసినవాడు ఇతడే.

“చెప్పండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, చేతులు కట్టుకుని. “ఆస్తమా మనిషికి ఫ్లూ వచ్చింది. ఇరవై రెండున జ్వరం, ఇరవై ఆరున పోయాడు. డాక్టరు రాశారు, నేను చదివాను. ఇందులో మీకు అర్థం కానిదేంటి?”

“ఒక్కటే. మేస్త్రీ, కార్ఖానాలో ఈ జ్వరం ఎందరికి వచ్చింది?”

“తొమ్మిది మందికండీ.”

“వారిలో ఆస్తమా ఉన్నవారు?”

“ముగ్గురం. పోయిన మా పెద్దయ్య, పిండి జల్లెడ పట్టే ఆవిడ, నేను. దుమ్ము ఎవర్ని వదుల్తుందండీ?”

“మీరిద్దరూ ఎలా బయటపడ్డారు?”

“నాకు పద్నాలుగున వచ్చింది. ఆయాసం రాగానే పెద్దయ్యే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తోలాడు. రెండ్రోజులు ఉంచుకుని పంపేశారు. ఇరవై ఒకటికి పనిలో ఉన్నాను. ఆవిడ ఇంట్లోనే తగ్గించుకుంది.”

“గోధుమరంగు ఇన్‌హేలర్ రోజూ వాడతారా?”

“వాడక చస్తామా? పొద్దున రెండు, సాయంత్రం రెండు. పెద్దయ్య నెత్తిన కూర్చుని పీల్పించేవాడు. ‘నీలంది మంట ఆర్పుతుందిరా, గోధుమరంగుది అసలు మంట పుట్టనివ్వదు’ అనేవాడు.”

గడియారం ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. “ఆస్తమా ఉన్నవాడికి ఫ్లూ సోకితే ప్రమాదమే, నేను కాదనను. కానీ అదుపులో ఉన్న ఆస్తమా వేరు, అదుపు తప్పిన ఆస్తమా వేరు. నలుగురికీ మందు పీల్పించి, నలుగురినీ వేళకు ఆస్పత్రికి పంపిన మనిషి తాను మాత్రం అదుపు తప్పి చనిపోయాడు. జబ్బు పేరు తెలిస్తే చావుకు కారణం తెలిసినట్లు కాదు.”

“మందు మానేసి ఉంటాడు. ఊరందరికీ చెప్పేవాళ్లు తమ దగ్గరికొచ్చేసరికి బద్ధకిస్తారు. మా నాన్న అంతే.”

“మీ నాన్నగారి సంగతి తరువాత. ఆ కవర్లు ఇటు ఇవ్వు.”

ఇన్‌స్పెక్టరు రెండు పారదర్శకపు కవర్లు బల్ల మీద పడేశాడు. ఒక దానిలో గోధుమరంగు ఇన్‌హేలర్, రెండవ దానిలో నీలిరంగుది. రెండింటికీ శాఖ ముద్రలున్నాయి. “గోధుమరంగుది విప్పండి, సరే. నీలందాని ముద్ర ముట్టుకుంటే మాత్రం మీ మీదే కేసు రాస్తాను.”

గడియారం చేతిరుమాలుతో గోధుమరంగు ఇన్‌హేలర్‌ను పట్టుకుని కిటికీ వెలుతురులోకి తెచ్చాడు. ప్లాస్టిక్ తొడుగు పక్కన నల్లని మైనపు పెన్సిలుతో ‘1’ అని రాసి ఉంది. తొడుగు వెనుక చిన్న కిటికీలో, ఇంకెన్ని మోతాదులు మిగిలాయో చూపే అంకె: ఇరవై.

“ఈ ఒకటి ఏమిటి?”

“ఒకటో తారీఖున విప్పాడని,” అన్నాడు మేస్త్రీ. “మా దగ్గర అదో కట్టుబాటండీ. పిండి బస్తా గానీ, నూనె డబ్బా గానీ, ఏది విప్పినా చేతిలో ఉండగానే తారీఖు వెయ్యాలి. అదీ మూత మీద కాదు, ఒంటి మీద. మూతలు ఒకదానివి ఒకదానికి పెట్టేస్తాం కదా. మొదటి మూడు నెలలూ పెద్దయ్య గరిటె కాడతో వేళ్ల మీద కొట్టి మరీ నేర్పేవాడు. ఇప్పుడు ఇంట్లో పచ్చడి జాడీ విప్పినా నా చెయ్యి పెన్సిలు కోసం వెతుక్కుంటుంది. మా ఆవిడ నవ్విపోతుంది.”

“నిండు డబ్బాలో నూట ఇరవై మోతాదులు. రోజుకు నాలుగు. ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా ఎన్ని?”

“వంద,” అన్నాడు ఇన్‌స్పెక్టరు అప్రయత్నంగా.

“మిగిలింది ఇరవై. ఒక్క పూట కూడా మానలేదు. మీ నాన్నగారి పోలిక ఇక్కడ కుదరలేదు.”

ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. “మందు వాడినా పోయాడు. అయితే జబ్బే బలంగా ఉందన్నమాట. నా మాటే గెలిచింది.”

గడియారం బల్ల మీది గొట్టాన్ని చూస్తున్నాడు. ఊపిరి నిండా తీసుకుని ఒక్క ఉదుటున దానిలో ఊదితే ముల్లు ఎంత దూరం పోయిందో, శ్వాసనాళాలు అంత తెరుచుకుని ఉన్నట్లు. ఇటువంటి గొట్టం ఉంచుకున్నవాడు ఆ అంకెను ఎక్కడో ఒకచోట రాసుకుంటాడు. అందునా ఈ మనిషి. కాగితాలలో లేదు. బల్ల సొరుగులో లేదు. ఆయన గది నలువైపులా చూసి, నేరుగా తలుపు దగ్గరకు వెళ్లి దానిని మూసివేశాడు.

తలుపు వెనుక అంతా సుద్ద రాతలే. తేదీ, పక్కన ఒక అంకె. వరుసగా ఇరవై అయిదు వరుసలు.

“ముద్ర వేసే ముందు ఈ గదంతా వెతికావు కదా. ఒక్కసారైనా లోపలి నుంచి తలుపు మూసి చూశావా?”

ఇన్‌స్పెక్టరు దగ్గరకు వచ్చి అంకెలు చూశాడు. “తెరిచిన తలుపు వెనక్కి ఎవరు చూస్తారండీ? అయినా అది పొయ్యి వేడి అయ్యుంటుంది.”

“పొయ్యి వేడా?” మేస్త్రీకి నిజంగానే కోపం వచ్చింది. “అదిగో, ఇరవై అయిదో తారీఖు నూట ముప్ఫై. నా పొయ్యి నూట ముప్ఫైకి దిగితే బయటికొచ్చేది రొట్టె కాదండీ, జిగురు. అది పెద్దయ్య పొద్దున్నే ఊదుకునే అంకె.”

గడియారం వేలితో తాకకుండా, పైనుంచి కిందికి చదివాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు తేదీలు: నాలుగు వందల ముప్ఫై, పది అటూ ఇటూ. ఆరవ తేదీ నాలుగు వందల పది. పది: మూడు వందల డెబ్బై అయిదు. పదహారు: మూడు వందల ముప్ఫై. ఇరవై ఒకటి: రెండు వందల ఎనభై. ఆ అంకె పక్కన సుద్దతోనే చిన్న ప్రశ్నార్థకం ఉంది. ఆ ఒక్క గుర్తు దగ్గర ఆయన కళ్లు కొంతసేపు నిలిచిపోయాయి.

“జ్వరం వచ్చింది ఇరవై రెండున. ఊపిరి జారడం మొదలైంది అయిదారు తేదీలలో. ఫ్లూ గుమ్మం ఎక్కేనాటికే ఈ మనిషి సగం మునిగి ఉన్నాడు. మందు ఒక్క పూట మానలేదు; అయినా మందు పనిచేయడం మానేసింది. ఎందుకు?”

గుమ్మం అవతల నుంచి చెల్లెలి దగ్గు వినిపించింది.

ఆయన గోధుమరంగు తొడుగులో నుంచి లోపలి లోహపు డబ్బాను మెల్లగా బయటకు లాగాడు. సాధారణంగా ఎవరూ ఆ పని చేయరు. అంకె చూపే యంత్రం తొడుగులోనే ఉంటుంది కనుక, తీయవద్దని పెట్టె మీదనే రాస్తారు. డబ్బా ఒంటి మీద మందు పేరు లేదు. కాగితం గీకివేసిన జిగురు మరకలున్నాయి. ఆ మరకల మీద నల్లని మైనపు పెన్సిలుతో ఒక అంకె: ‘3’.

“తొడుగు మీద ఒకటి. లోపల మూడు,” అని గడియారం నెమ్మదిగా అన్నాడు. “పెద్దయ్య ఒకటవ తేదీన విప్పాడు. మూడవ తేదీన మరెవరో ఆ డబ్బా తీసివేసి, తొడుగులో ఇంకొకటి పెట్టారు. డబ్బా మారినా తొడుగులోని అంకె లెక్క తప్పకుండా దిగుతూనే వచ్చింది.”

“ఖాళీ డబ్బా పెడితే మనిషికి తెలియదా? పిచ్చివాడా ఆయన?”

“ఖాళీ కాదు. ఇన్‌హేలర్ ఎలా నొక్కాలో నేర్పడానికి మందుల కంపెనీలు పంచే నమూనా డబ్బాలు ఉంటాయి. నొక్కితే అచ్చం అసలుదానిలాగే తుస్సుమంటుంది. లోపల గాలి తప్ప మందు ఉండదు. ఇరవై మూడు రోజులపాటు ఆయన నిష్ఠగా గాలి పీల్చాడు. ఫ్లూ వస్తుందని హంతకుడికి తెలియనక్కరలేదు. ఈ దుమ్ములో, ఈ వాతావరణంలో, ఏదో ఒక జలుబు చాలునని వాడు కాచుకుని కూర్చున్నాడు. తక్కిన పని ఫ్లూ చేసిపెట్టింది. డాక్టరు దాని పేరే రాశాడు.”

ఇన్‌స్పెక్టరు ముఖంలో నెత్తురు కొంచెం తగ్గింది. అయినా మొండితనం వదలలేదు. “హత్య చేసేవాడు తారీఖు రాసి మరీ చేస్తాడా? కథలు చెప్తున్నారు!”

“రాయాలని రాయలేదు. కొత్త డబ్బా చేతికి వచ్చింది. చెయ్యి తనంతట తానే రాసింది. ఇప్పుడే మేస్త్రీ చెప్పాడు కదా, పచ్చడి జాడీ సంగతి. ఇది ఈ కార్ఖానాలో దెబ్బలు తిని పని నేర్చుకున్న చెయ్యి. మేస్త్రీ, మూడవ తేదీన ఇక్కడికి బయటివారు ఎవరు వచ్చారు?”

“ఆ రోజు పిండి కలిపే మిషను బెల్టు తెగింది. అందరం కిందే ఉన్నాం. చెల్లెమ్మా, వాళ్లాయనా వచ్చారు. చెల్లెమ్మని దుమ్ములోకి రానివ్వం కదా, గేటు దగ్గరే కూర్చుంది. ఆయన చేతులు కడుక్కొస్తానని పైకి వెళ్లాడు.”

“ఎన్ని గంటలకు? ఎంతసేపు?”

“తొమ్మిదిన్నరకి. పది నిమిషాలుంటాడేమో.”

“అతనికి ఈ కార్ఖానాలో దారి బాగా తెలుసా?”

“తెలియకపోవడమేంటండీ? పెళ్లికి ముందు ఏడేళ్లు ఇక్కడే పనిచేశాడు. నా పక్క బల్లే. గరిటె కాడ దెబ్బలు నాకన్నా ఎక్కువ తిన్నాడు.” మాట పూర్తి అయిన తరువాతే దాని అర్థం తెలిసినట్లు, మేస్త్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పదకొండు యాభై ఎనిమిది. గడియారం తలుపు తెరిచాడు.

ఆమె కుర్చీ అంచుకు జరిగి, రెండు మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముందుకు వంగి ఉంది. మెడ దగ్గర గుంట లోపలికి లాక్కుపోతోంది. చేతిలో నీలిరంగు ఇన్‌హేలర్.

“ఎన్నిసార్లు పీల్చారమ్మా?”

ఆరు వేళ్లు చూపింది. తగ్గలేదన్నట్లు తల ఊపింది.

“ఈ కార్ఖానా ఎవరిది?”

“అన్నయ్యదీ... నాదీ.”

“మీ తరువాత?”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో మొదట ప్రశ్న, తరువాత భయం కనిపించాయి.

“తెల్లారేదాకా చూడమని అన్నయ్యకు చెప్పమన్నది ఎవరు?”

“మా ఆయన... డాక్టరు గారిని అడిగానన్నాడు.”

“అమ్మా, ఆ మాట మీది కాదు. మీ గోధుమరంగు ఇన్‌హేలర్ ఇవ్వండి.”

సంచిలో నుంచి తీసి ఇచ్చింది. ఆయన డబ్బా బయటకు లాగి, ఇన్‌స్పెక్టరు కళ్లముందు తిప్పి చూపాడు. జిగురు మరకలు. నల్లని పెన్సిలు. ‘15’.

“దీని మీద మీరెప్పుడైనా ఏమైనా రాశారా?”

“లేదు... నేనెప్పుడూ... రాయను. కార్ఖానాలో... పనే చెయ్యలేదు.”

అప్పుడాయన ఆమె చేతిలోని నీలిరంగుదాన్ని తీసుకున్నాడు. డబ్బా లాగాడు. దాని మీద అంకె రుమాలుకు అంటుకునేంత తాజాగా ఉంది. ‘29’.

“ఇవాళ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ గొంతు అంతవరకు విన్న గొంతు కాదు. అతని చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది. అంబులెన్సును పిలుస్తూ కార్ఖానా చిరునామాను రెండుసార్లు తప్పు చెప్పి, మూడవసారి సరిగా చెప్పాడు. “పన్నెండు నిమిషాలు పడుతుందట.”

ఆమె పెదవుల రంగు మారుతోంది. పన్నెండు నిమిషాలు చాలా ఎక్కువ.

గడియారం గదిలోకి వెళ్లి బల్ల మీది రెండవ కవరు అందుకున్నాడు. శాఖ ముద్రను ఒక్కసారి చూశాడు. ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క ముద్ర కూడా వేళ తప్పి విప్పని చేతులవి. కవరును నిలువునా చింపి, లోపలి డబ్బాను లాగి చూశాడు. మందు పేరు చెక్కుచెదరకుండా ఉంది. తొడుగు మీద పెద్దయ్య రాసిన తేదీ, పద్దెనిమిది. కిటికీలో అంకె పదకొండు.

“సాక్ష్యం,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, అలవాటు కొద్దీ.

“కేసు రాసుకో.”

ఆయన డబ్బాను గట్టిగా కుదిలించి ఆమె పెదవులకు అందించాడు. “మీ అన్నయ్యదమ్మా. మెల్లగా పీల్చండి. పట్టి ఉంచండి. అయిదు దాకా నేను లెక్కపెడతాను.”

తొడుగు కిటికీలో పదకొండు కాస్తా పది అయింది. పది తొమ్మిదయింది. మేస్త్రీ ఆమె వీపు వెనుక మోకరిల్లి, దిండులా తన భుజం ఆనించాడు. తొమ్మిది ఎనిమిదయింది. ఏడు దగ్గర ఆమె ఛాతీలోని ఈల కొద్దిగా సన్నబడింది. కళ్లు తెరిచి, అన్నగారి చేతిరాతను చూసి, రెండు చేతులా ఆ తొడుగును పట్టుకుంది.

కింద కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు. మెట్ల మీద తీరికగా అడుగులు, వాటి వెంట ఆ ముద్దు గొలిపే కంఠం.

“ఏమోయ్, కారు తెచ్చాను! నీలంది కొట్టుకున్నావా?”

ఆమె నోరు తెరవబోయింది. గడియారం చెయ్యెత్తి వారించాడు. ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆయన వైపు చూశాడు. పదేళ్ల క్రితం, పని నేర్చుకునే రోజుల్లో చూసినట్లే చూశాడు. తరువాత ‘29’ అని రాసి ఉన్న డబ్బాను పిడికిట మూసి, మెట్ల మలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, సాధ్యమైనంత మామూలు గొంతుతో బదులిచ్చాడు.

“కొట్టుకున్నారండీ. మీరు పైకి రండి.”